పండక్కి ఊరెళ్తే చేపల సంగతేంటి? ఫీడర్ కొనాలా, పొట్లాలు కట్టాలా, వదిలేయాలా

మా హాల్లో 50 లీటర్ల ట్యాంక్ ఉంది, అందులో పది గప్పీలు. మగవీ ఆడవీ అన్నీ కలిపి తూస్తే ఓ ఐదు గ్రాములు తూగుతాయేమో. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్ళు మేత అనుకుంటే, పదింటికీ కలిపి రోజుకి గ్రాములో పదో వంతు చాలు. పది రోజుల తిండంతా కలిపి ఒక్క గ్రాము, టీ చెంచాలో సగం కూడా నిండదు. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే, రెండేళ్ళ కిందట సంక్రాంతికి ఎదురు ఫ్లాట్ ఆంటీ చేతిలో మేత డబ్బా పెట్టేసి రాజమండ్రి బస్సెక్కేవాణ్ణి కాదు.

ఆరు రోజుల తర్వాత తలుపు తీస్తే వాసన. ట్యాంక్‌లో నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి, అడుగున గింజలు బూజు పట్టి తెల్లటి దూదిలా అయ్యాయి. ఆరు గప్పీలు పోయాయి. ఆంటీ మాట తప్పలేదు, ఒక్క పూట కూడా మానలేదు. "పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి బాబూ, ఆకలేమోనని ఇంకాస్త వేశాను" అన్నారు. అవి నోళ్ళు తెరిచింది గాలి కోసం. నీళ్ళు పాడై ఊపిరాడక పైకొస్తుంటే ఆవిడకి ఆకలిగా కనిపించింది. ఆవిణ్ణి ఏమనగలం, ఇంటికొచ్చినవాళ్ళకి వద్దన్నా ఇంకో ముద్ద వడ్డించే చేతులు మనవి.

అప్పటి నుంచి ఫీడర్ల గురించి, అంటే టైముకి తామే మేత వేసే మిషన్ల గురించి, ఎవరు అడిగినా నేను ముందు ఒక్కటే అడుగుతున్నాను: ఇది చెడిపోతే ఎటువైపు చెడిపోతుంది? మేత పడటం ఆగిపోతుందా, ఉన్నదంతా ఒక్కసారే పడిపోతుందా? మొదటిది జరిగితే చేపలు పస్తుంటాయి. రెండోది జరిగితే చస్తాయి. ధరా, యాప్, ఎన్ని పూటలు పెడుతుందన్నదీ దీని తర్వాతే.

ఆకలి కన్నా అజీర్తి ప్రమాదం

దీన్ని అంకెల్లో చూద్దాం. అక్వేరియం మేతలో మాంసకృత్తులు చాలా బ్రాండ్లలో 40 శాతం చుట్టుపక్కల ఉంటాయి. మాంసకృత్తుల బరువులో నత్రజని సుమారు 16 శాతం. అంటే ఒక గ్రాము మేత తినకుండా కుళ్ళితే అందులోంచి 64 మిల్లీగ్రాముల దాకా నత్రజని, చేపలకి విషమైన అమ్మోనియాగా బయటికి రాగలదు. 50 లీటర్ల నీళ్ళకి భాగిస్తే లీటరుకి 1.3 మిల్లీగ్రాములు. స్థిరపడిన ట్యాంక్‌లో ఈ అంకె సున్నా ఉండాలి. ఇక ఓ నిండు చెంచా, అంటే రెండున్నర మూడు గ్రాములు పడిందనుకోండి, మిగతా లెక్క మీరే వేసుకోవచ్చు. ఫిల్టర్‌లో ఉండే బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది నిజమే, కానీ అది రోజూ వచ్చే మోతాదుకి తగ్గట్టే పెరిగి ఉంటుంది. రాత్రికి రాత్రి పదింతలు కాలేదు. మన బోరు నీళ్ళు కొన్నిచోట్ల ఉన్నట్టు పీహెచ్ (నీటి క్షారగుణం చూపే అంకె) 8 దాటితే అదే అమ్మోనియాలో విషపు భాగం ఇంకా ఎక్కువ.

ఆకలి సంగతి ఇంత భయంకరం కాదు. చేపలు ఒంట్లో వేడి నిలుపుకోవడానికి మనలా తిండి ఖర్చు పెట్టవు. బాగా తిని పెరిగిన గప్పీ, మోలీ, టెట్రా, బార్బ్, గోల్డ్‌ఫిష్ ఏవైనా వారం రోజులు ఉపవాసం తట్టుకుంటాయి. మొక్కలున్న పాత ట్యాంక్‌లో అయితే నాచు, మొక్కల మీది చిన్నా చితకా జీవులు ఏరుకు తింటూ గడిపేస్తాయి. తట్టుకోలేనివి కొన్ని ఉన్నాయి: పుట్టి నెల తిరగని పిల్లలు, జబ్బుపడి లేచినవి, నిన్నగాక మొన్న షాపు నుంచి తెచ్చిన బక్కవి.

అందుకే నాలుగైదు రోజుల పండగ ప్రయాణానికి నా మొదటి సలహా ఏ ఫీడరూ కొనకపోవడం. ఖర్చు సున్నా, చెడిపోయేదేమీ లేదు. వెళ్ళడానికి రెండు రోజుల ముందు మూడో వంతు నీళ్ళు మార్చి, ఫిల్టర్ స్పాంజిని ట్యాంక్ నీళ్ళలోనే పిండి, బయల్దేరే రోజు మామూలుగా పెట్టే దానికన్నా తక్కువే పెట్టండి. "నాలుగు రోజులకి సరిపడా ఒకేసారి వేసి పోదాం" అనే ఆలోచన వస్తే ఆంటీ కథ గుర్తు చేసుకోండి.

వారం దాటితే: మనిషా, మిషనా?

పెద్ద చర్చ ఇక్కడే. మనిషికి ఉన్న గొప్ప గుణం, చూడగలగడం. కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే చూస్తాడు, చేప చచ్చి తేలితే తీసేస్తాడు, మీకు ఫోన్ చేస్తాడు. ఈ పని ఏ ఫీడరూ చెయ్యదు. మనిషితో వచ్చే చిక్కు ఒకటే, ప్రేమ. దానికి మందు మా నాన్న చెప్పారు, హోమియో డాక్టర్ కట్టినట్టు పొట్లాలు కట్టమని. రోజుకో పొట్లం, పైన తారీఖు. పొట్లాలకి ఓపిక లేకపోతే మందుల షాపులో దొరికే వారం రోజుల గళ్ళ మాత్రల డబ్బా వాడండి. అసలు మేత డబ్బాని బీరువాలో పెట్టి తాళం వేసుకోండి. ఇందులో మొహమాటం వద్దు. "డబ్బా అక్కడే ఉంది గానీ ముట్టుకోకండి" అని చెప్పారో, ముట్టుకుంటారు. రోజు మార్చి రోజు పెడితే చాలని కూడా చెప్పండి. వాళ్ళకి పని తగ్గుతుంది, నీళ్ళు బాగుంటాయి.

పొట్లాలు కట్టిన మనిషి చెడిపోయినా ఎటు చెడిపోతాడు? మర్చిపోతాడు. మర్చిపోతే ఒక పూట పస్తు, అంతే. ఎక్కువ వేద్దామన్నా ఇంట్లో ఎక్కువ మేత లేదు. నా లెక్కలో వారం నుంచి రెండు వారాల దాకా ఏ మిషన్ కన్నా ఇదే మేలు, నమ్మకంగా తాళం ఇవ్వగల మనిషి ఉంటే. లేకపోతే మిషన్లు చూద్దాం.

తిరిగే డ్రమ్ము

ఆన్‌లైన్‌లో ఫీడర్ అని కొడితే మొదట వచ్చేది ఇదే. ప్లాస్టిక్ డ్రమ్ములో మేత పోస్తాం, టైముకి డ్రమ్ము ఒక చుట్టు తిరుగుతుంది, పక్కనున్న సందులోంచి కాస్త రాలుతుంది. సందుని చిన్న జారుడు తలుపుతో పెద్దదీ చిన్నదీ చేసుకోవచ్చు. పెన్సిల్ సెల్లతో నడుస్తుంది, చవక, దాదాపు అందరూ కొనేది ఇదే. నేనూ కొన్నాను.

దీని అసలు లోపం కొలత. నిండా ఉన్న డ్రమ్ము ఒక చుట్టుకి రాల్చేదీ, పావు వంతు ఉన్నది రాల్చేదీ ఒకటి కాదు. 100 మిల్లీలీటర్ల డ్రమ్ములో యాభై గ్రాముల దాకా పెల్లెట్లు (గుండ్రటి గింజల మేత) పడతాయి. నా పది గప్పీలకి అది దాదాపు ఏడాదిన్నర తిండి! తలుపు సడలినా, బిగింపు జారి మిషన్ మొత్తం ట్యాంక్‌లో పడినా ఆ ఏడాదిన్నర తిండీ నీళ్ళలో ఉంటుంది. పోనీ కొద్దిగానే పోద్దామంటే డ్రమ్ము సరిగ్గా రాల్చదు. ఈ రెంటి మధ్య నేను పెట్టుకున్న హద్దు ఇది: డ్రమ్ములో ఉన్నదంతా ఒక్కసారి పడినా ఫిల్టరూ నీళ్ళూ తట్టుకోగలిగినంతే పొయ్యాలి. 200 లీటర్ల ట్యాంక్‌లో ఇది కుదురుతుంది. 50 లీటర్లలో కష్టం. 20 లీటర్ల డబ్బాకి డ్రమ్ము పెట్టకపోవడమే మంచిది.

రెండో లోపం తేమ. ట్యాంక్ మూత మీద ఎప్పుడూ ఆవిరి ఆడుతుంటుంది. హీటర్ పెట్టిన ట్యాంక్ అయితే మరీ. ఆ ఆవిరి సందులోంచి డ్రమ్ములోకి దూరి, మేత ముందు మెత్తబడి, తర్వాత సున్నుండలా గట్టిపడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్ళలో ఫ్లేక్స్ (పల్చటి రేకుల మేత) అయితే మూడు నాలుగు రోజులకే అంటుకుపోతాయి. జర్మన్ కంపెనీ ఎహైమ్ (Eheim) తన డ్రమ్ము ఫీడర్‌లో మేత అరకి గాలి ఆడించే చిన్న ఫ్యాన్ పెట్టింది ఇందుకే. ధర ఎక్కువే, కానీ ఎక్కువ ఎందుకో అర్థమయ్యే ధర. ఫ్యాన్ లేని మోడల్ కొంటే ఫీడర్‌ని మూత అంచున నీటికి వీలైనంత ఎత్తులో బిగించండి. కింద పడే చోట రంధ్రం చిన్నది చెయ్యండి. ఫ్లేక్స్ మానేసి 1 మిల్లీమీటర్ పెల్లెట్లు వాడండి, అవి దొర్లుతాయి, కొలత కూడా కొంచెం నిలకడగా ఉంటుంది. పొడి మేత మాత్రం ఏ మిషన్‌లోనూ పొయ్యొద్దు.

గళ్ళ చక్రం

నా ఓటు దీనికి. గుండ్రటి పళ్ళెం, చుట్టూ గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో పూట మేత మన చేత్తోనే పోస్తాం. చక్రం గడి గడికీ జరిగి, రంధ్రం మీదికి వచ్చిన గడి ఖాళీ అవుతుంది. ఇంగ్లండ్ నుంచి వచ్చే ఫిష్ మేట్ ఎఫ్14 ఈ రకానికి అందరికీ తెలిసిన పేరు. పేరులోనే ఉంది, 14 గళ్ళు. లోపల ఆడంబరమేమీ ఉండదు, గోడ గడియారంలాంటి యంత్రం, ఒక పెన్సిల్ సెల్లు.

చూస్తే పాతకాలం వస్తువులా ఉంటుంది. కానీ నా ప్రశ్న దీన్ని అడిగి చూడండి. సెల్లు అయిపోతే చక్రం ఆగుతుంది, పస్తు. తేమకి ఒక గడి అంటుకుంటే ఆ గడి వరకే నష్టం. మొత్తం చెడిపోయినా 14 పూటలకి మించి పడదు, ఆ 14 పూటల మేత కొలిచి పోసింది మనమే. మాత్రల డబ్బాకి మోటారు పెట్టినట్టు. ఫ్లేక్స్, పెల్లెట్లు, ఎండబెట్టిన పురుగులు ఏవైనా కలిపి పొయ్యొచ్చు, సోమవారం ఒకటి మంగళవారం ఇంకొకటి.

ఫైటర్ చేప పెంచేవాళ్ళకి ఇది తప్ప ఇంకో ఫీడర్ చెప్పలేను. ఫైటర్‌కి రోజుకి నాలుగు గింజలు చాలు. నాలుగే నాలుగు గింజలు లెక్కపెట్టి వదిలే డ్రమ్ముని నేను చూడలేదు. గడిలో అయితే మీరే లెక్కపెట్టి వేస్తారు. అసలు పది లీటర్ల డబ్బాలో ఒంటరి ఫైటర్ వారం రోజులు ఏ ఫీడరూ లేకుండా ఉంటుందన్నది వేరే మాట.

దీని హద్దు కూడా గళ్ళే. రోజుకి ఒక పూట చొప్పున రెండు వారాలు, రెండు పూటలు పెడితే వారం. అమెరికాలో ట్యాంక్ వదిలి నెల రోజుల సెలవు మీద ఇక్కడికొచ్చే మనవాళ్ళకి ఇది ఒక్కటే చాలదు. వాళ్ళకి నా సలహా ఫీడర్‌తో మొదలవదు. నెల రోజుల్లో, అందులోనూ చలికాలం హీటర్లు వేసిన ఇళ్ళలో, నీళ్ళు ఆవిరై మట్టం బాగా దిగిపోతుంది. వెనక తగిలించే ఫిల్టర్ అయితే కరెంటు ఒకసారి పోయి వచ్చాక నీళ్ళు లాగలేక ఉత్తినే మూలుగుతుంది, ట్యాంక్ హీటర్ నీళ్ళలోంచి బయటపడుతుంది. వారానికొకసారి వచ్చి నీళ్ళు పోసే మనిషి ఎలాగూ కావాలి. ఎలాగూ వస్తున్నాడు కాబట్టి పొట్లం కూడా వేసి వెళ్తాడు.

మర ఫీడర్, వైఫై ఫీడర్

మర ఫీడర్‌లో అడుగున స్క్రూ లాంటిది తిరుగుతూ గింజల్ని ముందుకి తోస్తుంది. ఒక్కో తోపుకి పడేది కొంచెమే, డ్రమ్ము కన్నా కొలత నికరం. ఇరుక్కుంటే ఆగిపోతుంది, కాబట్టి చెడిపోయినా ఎక్కువగా పస్తు వైపే చెడిపోతుంది. ఒకే సైజు గట్టి పెల్లెట్లకి బాగుంటుంది, ఫ్లేక్స్‌ని నలిపేస్తుంది. ట్యాంక్ పెద్దదై, చేపలు ఎక్కువై, రోజుకి మూడు నాలుగు సార్లు పెట్టాల్సి వస్తే డ్రమ్ము వదిలి దీనికి వెళ్ళండి.

వైఫై సంగతి చెప్పాలంటే నా సొంత అనుభవం ఒక్కటి చాలు. ఊర్నుంచి యాప్‌లో 'ఫీడ్' నొక్కాను, ఫెయిల్ అని వచ్చింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ ఫెయిల్. మూడోసారి సక్సెస్ అంది. తీరా వచ్చి చూస్తే మూడుసార్లూ పడింది, ఫెయిలైంది జవాబు తిరిగి రావడమే. పైగా ఇంట్లో కరెంటు పోతే రౌటర్ పోతుంది. ఛార్జర్‌తో నడిచే ఫీడర్ అయితే రౌటర్‌తో పాటు అదీ పోతుంది. కొనేట్టయితే నెట్ లేకపోయినా లోపలి గడియారంతో నడిచేది, సెల్లు కూడా వేసుకోగలిగేది కొనండి. ఆ డబ్బుతో కెమెరా కొనడం ఇంకా మంచిది. ఇంట్లో మూలనున్న పాత ఫోనుని ట్యాంక్ ముందు ఆనించినా చాలు, నీళ్ళు తెల్లబడ్డాయా లేదా కనిపిస్తుంది.

కరెంటు గురించే ఇంకో మాట. సెల్లతో నడిచే ఫీడర్‌కి కరెంటు కోత తెలియదు. ఫిల్టర్ ఆగి, గాలి బుడగలు ఆగి, చేపలు ఊపిరికి కొట్టుకుంటుంటే కూడా టైము కాగానే మేత రాలుస్తుంది. కోతలు ఎక్కువున్న ఊళ్ళో ఉంటే ఫీడర్‌కి పెట్టే డబ్బుతో ముందు ఫిల్టర్‌ని ఇన్వర్టర్ లైనుకి కలపండి.

సెలవుల బిళ్ళలు

షాపులో తెల్లటి గవ్వలాంటి, సుద్దముక్కలాంటి బిళ్ళ ఇచ్చి "ఇది పడేసి వెళ్ళండి సార్, వారం చూసుకుంటుంది" అంటారు. చాలావాటిలో ఉండేది ప్లాస్టర్ ఆఫ్ పారిస్, మధ్యలో కాసిన్ని మేత గింజలు. కరిగే కొద్దీ నీటి కఠినత్వం పెంచుతుంది. చేపలు తినేది తక్కువ, అడుగున మిగిలేది ఎక్కువ. జెల్ బిళ్ళలు కొంచెం నయం, కానీ తినకుండా మిగిలిన జెల్ కుళ్ళితే తీసేవాళ్ళు ఉండరు. చిన్న ట్యాంక్‌లో రెంటినీ వెయ్యొద్దు.

బిళ్ళల ఆలోచన మాత్రం మనకి కొత్త కాదు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో తవుడు, నూనె తీసిన గింజల చెక్క కలిపి చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి గడలకి కడతారు. చేపలే వచ్చి చిల్లుల దగ్గర లాక్కుని తింటాయి. ఎంత తిన్నాయో రైతు సంచి చూసి చెప్తాడు, దాన్ని బట్టి మర్నాటి మేత తగ్గిస్తాడు, పెంచుతాడు. సంచి చూసే ఆ రైతు ఉన్నాడు కాబట్టే అక్కడ అది పనిచేస్తుంది. బిళ్ళ వేసి మనం రైలెక్కుతాం.

ఏ చేపకి ఏది

ఫ్లవర్‌హార్న్, ఆస్కార్, అరవానా లాంటి పెద్ద చేపల గింజలు మామూలు డ్రమ్ము సందులో ఇరుక్కుంటాయి. వాటికి ఫీడర్ అవసరం కూడా చాలా అరుదు, బలిసిన ఫ్లవర్‌హార్న్ వారం పస్తుంటే దానికే మంచిదంటాను. అరవానా ఎగిరే చేప, ఫీడర్ కోసం మూతలో పెద్ద రంధ్రం పెట్టి వెళ్తే మీరొచ్చేసరికి నేల మీద ఉంటుంది. గోల్డ్‌ఫిష్‌కి పొట్ట సంచి ఉండదు, ఎంత పెట్టినా తింటూనే ఉంటుంది, అంతే వేగంగా నీళ్ళు పాడుచేస్తుంది. దానికి రోజు మార్చి రోజు, గళ్ళ చక్రంలో ఒక గడి నింపి ఒక గడి ఖాళీ వదలండి. సక్కర్ ఫిష్ కోసం కీరా ముక్క వేసి వెళ్ళడం చాలామందికి అలవాటు, మర్నాటికి అది మెత్తబడి కుళ్ళడం మొదలవుతుంది, వద్దు.

గప్పీ పిల్లలు, ఏంజెల్ పిల్లలు ఉంటే ప్రయాణానికి ఏ మిషనూ పనికిరాదు, మనిషి ఉండాల్సిందే. ఆఫీసుకి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేవాళ్ళకి మాత్రం పిల్లల ట్యాంక్ దగ్గర డ్రమ్ము ఫీడర్ నిజంగా ఉపయోగం. పగలు నాలుగుసార్లు కొంచెం కొంచెం పడితే పిల్లలు బాగా ఎదుగుతాయి. అటూ ఇటూ అయితే పన్నెండు గంటల్లోపు మీరే చూస్తారు. నైట్ షిఫ్ట్ వాళ్ళకీ అంతే. రోజూ వాడటానికీ ఊరెళ్ళేటప్పుడు వాడటానికీ తేడా ఇదే, రోజూ వాడకంలో చవక డ్రమ్ము చెడినా కొంప మునగదు.

కొన్నాక చేసే పని

ఏది కొన్నా ప్రయాణానికి కనీసం వారం ముందు కొనండి. మొదటి మూడు రోజులు ట్యాంక్ మీద పెట్టకుండా కింద గాజు గ్లాసు పెట్టి తిప్పండి. ఏ పూట ఎంత పడిందో చూడండి, గ్రాములో వందో వంతు చూపించే చిన్న త్రాసు ఉంటే తూచండి. ఒక పూట ఆరు గింజలు, ఇంకో పూట నలభై పడ్డాయంటే తలుపు ఇంకా బిగించాలి. తర్వాతి నాలుగు రోజులు ట్యాంక్ మీద పెట్టి, మీరు చేత్తో పెట్టడం మానెయ్యండి. అప్పుడే తెలుస్తుంది, మేత పడిన చోట ఫిల్టర్ ప్రవాహం దాన్ని నేరుగా లాగేసుకుంటోందా అని. అలా అయితే నీటి మీద తేలే చిన్న రింగు ఒకటి పెట్టి అందులో పడేలా చూడండి.

సెల్లు కొత్తవి వెయ్యండి, రిమోట్‌లోంచి తీసినవి కాదు. రీఛార్జి సెల్లు 1.2 వోల్టులే ఇస్తాయి, కొన్ని ఫీడర్లు వాటిని 'అయిపోయిన సెల్లు' అనుకుంటాయి. ఇక చీమలు. నేను చూసిన విదేశీ రివ్యూల్లో కనిపించని సమస్య ఇది. మేత డబ్బాలో చేప పొడి వాసనకి మన ఇళ్ళ చీమలు గోడ దిగి ట్యాంక్ స్టాండ్ ఎక్కి ఫీడర్‌లో కాపురం పెడతాయి. స్టాండ్ కాళ్ళ కింద నీళ్ళ మూకుళ్ళు పెట్టడం పాత ఉపాయమే గానీ పనిచేస్తుంది. కానీ ట్యాంక్ వెనక గోడకి తగలకుండా రెండు వేళ్ళ ఎడం ఉండాలి, వైర్లు వేలాడకుండా చూడాలి. చీమల మందు ట్యాంక్ దగ్గర కొట్టొద్దు.

ఈ సంక్రాంతికి నేను తొమ్మిది రోజులు వెళ్తున్నాను. గళ్ళ చక్రంలో నాలుగు గళ్ళే నింపాను, మొదటి రెండు ఖాళీ, తర్వాత రోజు మార్చి రోజు. ఆంటీకి తాళం ఇచ్చాను. మేత వెయ్యమని కాదు, ఫిల్టర్ తిరుగుతోందో లేదో రోజూ ఒకసారి చూసి ఫోటో పెట్టమని. మేత డబ్బా నా బ్యాగులో ఉంది.